శాలువా కింద అన్న మాట

మరమగ్గం మీద పోగు తెగితే దాని మీదున్న చిన్న రేకు కిందికి జారుతుంది, మగ్గం ఆగిపోతుంది. మగ్గాల పేట కుంఠా నాకాలో పిల్లలకూ తెలిసిన సంగతే. ఇనుప కడ్డీలు కోసే రంపం మిషనుకు ఆ రేకు తగిలించాలని మాత్రం సిద్ధరాములుకు తప్ప ఎవడికీ తట్టలేదు. అతనికైనా, తెగిన బ్లేడు తమ్ముడు పాండురంగ్ మూడు వేళ్లు ఎగరేసుకుపోయాకే తట్టింది. బ్లేడు తెగితే రేకు పడాలి, కరెంటు ఆగాలి. ఎనిమిది నెలలు తిప్పలు పడి పనిచేయించాడు. పేటెంటూ వచ్చింది.

కులపోళ్లు కొంతం చౌక్ దగ్గర హాలులో సన్మానం పెట్టారు. మనకో దరిద్రపు అలవాటుంది: శాలువా భుజాన పడగానే తల వంచాలి, నాదేం లేదనాలి. అనకపోతే బలుపంటారు. సిద్ధరాములు కూడా మైకులో అన్నాడు: "నాదేం గొప్ప లేదు. మగ్గం నేర్పిన విద్య. నేసేటోడు ఎవడైనా చేస్తడు."

చప్పట్లు మోగాయి. ఎవరో తీసిన వీడియో ఫోను ఫోనుకీ తిరిగింది.

ఏడాది తిరక్కుండా ఒక పెద్ద కంపెనీ తన మిషన్లకు అదే రేకు పెట్టి అమ్మింది. సిద్ధరాములు కోర్టుకెక్కాడు. పని తెలిసిన ఎవడికైనా ఇట్టే తట్టేదానికి పేటెంటేమిటని కంపెనీ ఎదురు కేసు వేసింది. దాని లాయరు ఎక్కువ మాట్లాడలేదు. ఆ వీడియో చూపించాడు.

"ఈ మాట మీదేనా?"

"నాదే సార్. గని అది శాలువా కప్పినప్పుడు అన్న మాట."

"అంటే అబద్ధమా?"

అబద్ధమంటే ఆ రోజు హాలు నిండా కూర్చున్న కులం ముందు దొంగవుతాడు. కాదంటే పేటెంటు పోతుంది.

"అందరికి తెలిసిందే అయితే నా తమ్ముని వేళ్లు ఎట్ల పోయినయ్ సార్? ముప్పై ఏండ్ల సంది మిషన్లు అమ్ముతున్నరు గదా, మీలో ఒక్కడన్న పెట్టిండా?"

"అడిగినదానికి చెప్పండి."

"...అబద్ధం కాదు."

పేటెంటు రద్దయింది.

ఆ ఆదివారం, శాలువా కప్పిన పెద్దమనిషి అంబాదాస్ సిద్ధరాములు పనిచేసుకునే షెడ్డుకొచ్చి పరామర్శించాడు. "పోనీ తియ్ బేటా. గొప్పలకు పోకుంట మంచి మాటనే అన్నవ్. సమాజ్‌ల నీ ఇజ్జత్ పెరిగింది."

పాండురంగ్ మిగిలిన రెండు వేళ్లతో చాయ్ గ్లాసు పట్టుకుని ఉన్నాడు. "అవ్ కాకా. నా వేళ్లు గూడ ఇజ్జత్‌తోనే పోయినయ్."

అంబాదాస్ విననట్టే బల్ల వైపు చూశాడు. అక్కడ సగం బిగించిన కొత్త పరికరం ఉంది. "ఇంకోటి ఏదో చేస్తున్నవట గదా. ఏందది?"

సిద్ధరాములు దాని మీదికి గోనెపట్టా లాగాడు.

"ఏం లేదు కాకా."