చిన్న గది కర్టెన్

ఆసుపత్రి కుట్టుగదిలో ఇరవై ఆరేళ్లు దుప్పట్లూ కర్టెన్లూ కుట్టిన అక్కకి ఒక పట్టింపు. కర్టెన్ కింది మడతకి ముందు చేత్తో పొడుగు కుట్లే వేస్తుంది. వేలాడదీశాక బట్ట వారంపాటు తన బరువుకి సాగాలి, ఆ తర్వాతే మిషన్ కుట్టు. "గుడ్డముక్కని కూడా నమ్మవా తల్లీ!" అని తోటివాళ్లు ఏడిపించేవాళ్లు.

గుడ్డని నమ్మని మనిషి తమ్ముణ్ణి మాత్రం కళ్లు మూసుకుని నమ్మింది.

వాడు మొదటిసారి ఇల్లు కొంటున్నాడు, చేతిలో డబ్బు చాల్లేదు. "చిన్న గది నీదే అక్కా. రిటైరయ్యాక నిన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటాం," అన్నాడు. ఆమె తన రిటైర్మెంట్ డబ్బంతా ముందే తీసి వాడికిచ్చేసింది. "కాగితమేమైనా రాయించుకున్నారా?" అని ఆఫీసు గుమాస్తా అడిగితే, "సొంత తమ్ముడి దగ్గర కాగితమేంటండీ!" అని నవ్వేసింది.

ఇల్లు చేతికొచ్చాక తమ్ముడు కిటికీల కొలతలు పంపాడు. చిన్న గదికి మాత్రం వెలుతురు చొరబడని మందపాటి బట్ట వెయ్యమన్నాడు. చీమంత వెలుతురున్నా కునుకు పట్టని అక్క అది చదివి కళ్లనీళ్లు పెట్టుకుంది. వెర్రినాగన్న, నా నిద్ర సంగతి కూడా గుర్తుపెట్టుకున్నాడు అనుకుంది.

ఆదివారం వెళ్లి గదిగదికీ కర్టెన్లు తగిలించింది. చివరికి చిన్న గది తలుపు తోస్తే లోపల గడియ.

"మెల్లగా అక్కా, ఆయన నిద్రపోతున్నాడు. రాత్రి డ్యూటీ," అన్నాడు తమ్ముడు.

"ఆయనెవరు?"

"అద్దెకిచ్చాం. మూడేళ్లకి కాగితం రాసుకున్నాం. వాయిదాలు కట్టాలి కదా."

"వచ్చే ఏడు నేను రిటైరవుతున్నాను కదరా."

"హాల్లో సోఫా ఉందిగా అక్కా, నువ్వేమైనా పరాయిదానివా?"

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. ముక్కూ మొహం తెలియనివాడికి కాగితం, తోబుట్టువుకి సోఫా.

"వదినా, మిషన్ కుట్టు వెయ్యడానికి మళ్లీ ఎప్పుడొస్తారు?" అని వంటింట్లోంచి మరదలు అడిగింది.

అక్క హాలు కర్టెన్ దగ్గర వంగి, దారం కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. మడత విడిపోయి బట్ట నేలమీదకి జారింది. ఆమె పడకగదిలోకి నడిచి అక్కడా లాగింది. తమ్ముడు "అక్కా, అక్కా" అంటూ వెనకే తిరిగాడు గానీ చెయ్యి పట్టుకునే ధైర్యం చెయ్యలేదు.

మందపాటి కర్టెన్ మడిచి సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది. దాన్ని తగిలించడానికి ఆమెకిప్పుడు కిటికీ లేదు.