ఒగ్గీయే గుంటా

కబడ్డీ కోర్టు మధ్యగీత దాటబోతున్నాడు అప్పలసూరి మాస్టారు, చచ్చిపోయి రెండు నెలలు దాటినా ఈల మెడలోనే ఉంది, ఆయన చీలమండను రెండు చేతులా ఒడిసిపట్టి బోర్లా పడి ఉంది పైడిలక్ష్మి. కింద ఉన్నది ఇసుకో ఆసుపత్రి దుప్పటో తెలియడం లేదు, కోర్టు మొత్తం మెల్లగా లేచి మెల్లగా దిగుతోంది.

"ఒగ్గీయే గుంటా," అంటాడు మాస్టారు. "నాను ఎలిపోవాల."

"ఎల్లనివ్వను."

పోయినవాడి మీద పగేమిటని మీరంటారేమో గానీ, తుంటిలో పోటు భరించలేకపోతున్నానని ఆమె ఏడిస్తే, జట్టందరి ముందూ "నాటకాలాడకే" అని కోర్టులోకి తోసింది ఈయనే. ఆ ఆటతో ఆమె మంచాన పడింది. కీలులో చీలిక ఉందని స్కానింగులో తేలాక, ఆ ఫిలిం ఆయన మొహాన కొడదామనుకునేలోపు గుండెపోటుతో హాయిగా జారుకున్నాడు.

ఇప్పుడు మాస్టారు మంచం మీద ఉన్నాడు, ఆమెకు ఆపరేషనయ్యాక రోజూ కాలు వంచి చాపే మిషనులో ఆయన కాలే ఉంది, పట్టీలు బిగించింది ఆమే, మీటా ఆమె చేతిలోనే ఉంది.

"నొప్పెడతంది, ఆపే."

"నాటకాలాడకండి మాస్టారూ."

ఆ మాట అనగానే ఆమెకు ప్రాణం లేచొస్తుంది, తనివి తీరక మళ్లీ అంటుంది, మీట ఇంకాస్త తిప్పుతుంది.

"బిగపట్టకండి. మిషను పని మిషను సేసుకుంటాది, మీరు కాలొగ్గేయాల. నాకూ అదే సెప్తన్నారు. మీ మీద కోపానికి నా కాలు కర్రయిపోతంది."

నిజమే. బిగిస్తే కీలు పట్టేస్తుందని, మళ్లీ కోర్టెక్కలేవని ఫిజియో గ్రేస్ మేడమ్ నెత్తీ నోరూ బాదుకుంటోంది.

"ఏటి సెయ్యమంతావు?"

"నాది నిజిం నొప్పని సెప్పండి. అందరూ ఇనేటట్టు."

ఎప్పుడొచ్చిందో జట్టంతా మంచం చుట్టూ కూర్చుని ఉంది. మాస్టారు ఈల నోట్లో పెట్టుకుంటాడు గానీ ఊదడానికి ఊపిరి లేదు.

"నిజిం నొప్పేనే," అంటాడు తల దించుకుని. "నాకు అప్పుడే తెలుసు. ఆ రోజు గెలవాలని తోసినాను."

ఆ ఒక్క మాట కోసమే ఇన్నాళ్లూ పళ్లు కొరికింది, అది చెప్తే పోనిద్దామనుకుంది కూడా.

"తెలిసే తోసినారా? అయితే ఇంక అస్సలొగ్గను," అంటూ ఆయన మణికట్టు పట్టుకుంటుంది.

మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. మిషనులో ఆమె కాలు మెత్తగా వంగి, మెత్తగా చాచుకుంటోంది. పక్కన గ్రేస్ మేడమ్ నొప్పికి పెదవి కొరుక్కుంటోంది, ఆమె మణికట్టు మీద పైడిలక్ష్మి గోళ్లు దిగినచోట ఎర్రగా కమిలింది.

"కాలు ఇవాళ్టికి వదిలేశావు తల్లీ," అంది మేడమ్. "ఇక నా చెయ్యి వదులు."