గోడ మీద స్టెప్నీ

ఇరవై అంటుందేంటి ఇది, అల్లుడు కొనిచ్చిన కొత్త గేజి, పెళ్ళికొడుకులా మెరిసిపోతూ, ఇప్పుడే తన చేత్తో, పాత గేజి చూసి ముప్ఫై రెండు గాలి కొట్టిన టైరు మీద పెడితే ఇరవై అంటుంది, సిగ్గులేకపోతే సరి, నాలుగు టైర్లకీ అదే పాట, కూతురు కారులో కూర్చుని స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తోంది, వెనక సీట్లో చంటిది నిద్రపోయింది, ఎండెక్కకముందే పెద్ద రోడ్డెక్కాలి నాన్నా అంటోంది, ఉండమ్మా ఉండు అని పంక్చర్ షాపాయన లోపలికి నడిచాడు, రెండు గేజిలు రెండు మాటలు చెబితే అబద్ధం ఎవరిదో తేల్చే మందు ఆయన దగ్గరుంది, లోపలి గోడకి మేకున వేలాడే స్టెప్నీ, బావది, అక్క మొగుడిది, అది రోడ్డు మీద తిరగదు, ఎండ తగలదు, రోజూ షట్టర్ ఎత్తగానే పాత గేజి దాని మీద పెట్టి చూడటం అలవాటు, ముప్ఫై రెండు చూపిస్తే గేజి మంచిదే, ఇక ఎవడి టైరుకీ ఢోకా లేదు, టైరు మెత్తగా కనపడుతోంది గురూ అని ఎవడైనా అంటే, రేడియల్ టైరంటే అంతేరా నాయనా, కన్ను మోసం చేస్తుంది, గేజి చెయ్యదు.

లోపలెప్పుడూ ఇంత చల్లగా ఉండదే, బయట ఎండ కాస్తుంటే ఇక్కడ బావిలోకి తొంగిచూసినట్టుంది, స్టెప్నీ మేకు మీద కొంచెం కదిలినట్టుంది, గాలికేమో, గాలేదీ, పాత గేజి అద్దం సున్నా ఉండే వైపు బొటనవేలికి అరిగి తెల్లబడింది, కింది అంకెలు కనపడవు, ఆ తెల్లటి చోట ముల్లు ఎక్కడో ఉంటుంది, దేనికీ పెట్టకుండానే సున్నా వదిలి కాస్త లేచి, ఎవరో పిలిస్తే తలెత్తిన మనిషిలా, ఆ గేజినే స్టెప్నీ వాల్వు మీద నొక్కాడు, స్స్ అని మణికట్టు మీద చల్లగా తగిలింది, బావ బీడీ పొగ వదిలేవాడు అచ్చం ఇలాగే, పళ్ళ సందులోంచి, ముల్లు తిన్నగా వెళ్ళి ముప్ఫై రెండు మీద నిలబడింది, హమ్మయ్య, కొత్తదే దొంగ, వెళ్ళిరామ్మా అందామని చెయ్యెత్తాడు.

ఎత్తిన చెయ్యి దిగలేదు, ఇదే గేజి ఇదే చేతిలోంచి జారి ఇదే సిమెంటు మీద పడింది, బావ టాక్సీకి గాలి కొడుతున్న పొద్దున, ఏం బామ్మర్దీ, మీ అక్కని కట్టుకున్నవాణ్ణి, వణికితే నేను వణకాలి గానీ నీ చేతులు వణకడమేంటి, నవ్వుతూ తనే తీసిచ్చాడు, బాగానే పనిచేస్తోందంటావా అన్నాడు, బాగానే ఉంది బావా అన్నాడు తను, నువ్వు చెబితే ఇంకేం అని బండెక్కాడు, మధ్యాహ్నానికి టైరు పేలింది, బావ మళ్ళీ ఇంటికి రాలేదు, ఎండలకి అన్నారు అందరూ, తనూ ఎండకే అన్నాడు, మిగిలిన స్టెప్నీని అక్క పంపించింది, నువ్వే ఉంచుకోరా అని.

మళ్ళీ నొక్కాడు, మళ్ళీ స్స్, మళ్ళీ ముప్ఫై రెండు, ఇన్నేళ్ళూ ఇదే, మేకున ఊరికే వేలాడినా ఏ టైరైనా కాస్త దిగుతుంది కదా, దిగినప్పుడల్లా తనే కదా గాలి కొట్టింది, ఎంతదాకా, ముల్లు ముప్ఫై రెండు అనేదాకా, ఏ ముల్లు, చేతిలో ఉన్న ఈ ముల్లే, కొత్త గేజి తీసి స్టెప్నీకి పెట్టాడు, ఇరవై, కారు టైర్లలాగే ఇరవై, అంత తక్కువ గాలితో పెద్ద రోడ్డు మీద పరిగెత్తితే ఏ టైరైనా కాగి పేలుతుంది, చెవి దగ్గర పళ్ళ సందులోంచి ఎవరో ఊదినట్టయింది, నువ్వు చెబితే ఇంకేం, బయట కూతురు ఇంజను స్టార్ట్ చేసింది, నాన్నా, వెళ్ళనా, నువ్వు చూశావుగా, ఆయన పరిగెత్తి బానెట్ మీద రెండు చేతులూ పెట్టేశాడు, దిగమ్మా, చంటిదాన్ని ఎత్తుకుని దిగు, లోపల మేకు కిర్రుమంది, ఆయన తిరిగి చూడలేదు, చూడక్కర్లేదు, గేజి స్టెప్నీని నమ్మింది, స్టెప్నీ గేజిని నమ్మింది, ఆ రెంటినీ తను నమ్మాడు, తనని బావ నమ్మాడు, అది ఎండ కాదు.