రాత్రి ఏమొచ్చింది?

“రాత్రి ఏమొచ్చింది?”

కనకలక్ష్మి ఉల్లిపాయ ముక్కతో పెనం రుద్దుతోంది. అడిగింది మొగుడు రామకోటేశ్వరరావు. రాత్రంతా దగ్గావు, ఇప్పుడెలా ఉందని కాదు. వచ్చిన కల ఏమిటని. ఆరేళ్లుగా ఆ ఇంట్లో తెల్లవారడమంటే అదే. పొయ్యి మీద పెనం పెట్టాలి, మొగుడికి కల చెప్పాలి.

“ఏదో పెళ్లి.”

“పందిరి గుంజలెన్ని?”

“లెక్కపెట్టలేదండీ.”

“కలలో నీకు వేరే పనేముంది?”

అతను ఆటోనగర్‌లో స్పేర్‌పార్టుల కొట్టులో పనిచేస్తాడు. బేరింగును చేత్తో ఒకసారి తిప్పి అసలుదో నకిలీదో చెప్పేస్తాడు. అంత తెలిసిన మనిషి, మట్కాలో సాయంత్రం ఎవడో ఎక్కడో తీసే రెండంకెల నంబరును పొద్దున్నే పెళ్లాం కలలోంచి లాగొచ్చని నమ్మాడు. పాముకొక నంబరు, పెళ్లికొక నంబరు, శవానికొకటి అని రాసివున్న పట్టిక అతని ఫోన్లో ఉంది. నలభై రోజులుగా రాని నంబరు ఇక రాక తప్పదంటాడు. ఇరవై మూడు మీద కట్టిన రోజు ఇరవై నాలుగు వస్తే పోయిందనడు. “అంచుదాకా వచ్చాం,” అంటాడు. మర్నాడు రెట్టింపు కడతాడు. ఎన్నిసార్లు పోయినా అతని దృష్టిలో ఆట తప్పు కాదు, ఆడిన వాడి తప్పూ కాదు. కల సరిగ్గా చెప్పని ఆడదాని తప్పు.

మధ్యాహ్నం గవర్నర్‌పేటలో ఆమె పనిచేసే బట్టల షాపుకి కూడా ఫోన్ చేస్తాడు. “కాస్త కునుకు తీశావా? ఏమైనా వచ్చిందా?” పక్క కౌంటరులో ఉండే స్టెల్లాకి అవతలి మాటలు వినపడవు. “అదృష్టవంతురాలివక్కా. మా ఆయన నేను తిన్నానో లేదో కూడా అడగడు,” అంటుంది. కనకలక్ష్మి ఎవరో విప్పి చూసి వద్దన్న చీరలను మళ్లీ మడతపెడుతుంది. ఆ షాపులో కూర్చోవడానికి స్టూలు లేదు. కునుకెక్కడ తీస్తుందని మొగుడికెప్పుడూ అనుమానం రాలేదు.

మొదలుపెట్టింది మాత్రం తన నోరే. అదే ఆమెను తినేస్తుంది.

కూతురు కీర్తన కన్నా ముందు ఒక ఆడపిల్ల పుట్టింది. పదకొండు రోజులు బతికింది. ఇరవై ఒకటో రోజున పేరు పెడదామనుకున్నారు కాబట్టి పేరు లేకుండానే పోయింది. ఆరేళ్ల కిందట ఒకరోజు ఆ పిల్ల కలలోకి వచ్చింది. ఏలూరు కాలువ గట్టు మీద కనకలక్ష్మి దాన్ని ఎత్తుకుని నడుస్తోంది. పిల్ల బరువుగా ఉంది, పెరిగిన పిల్ల బరువు. మెలకువ వచ్చాక కూడా చేతులు గుంజుతూనే ఉన్నాయి. మొగుడితో చెప్పుకుంటే తేలికవుతుందనుకుంది. అతను విని చాలాసేపు తల దించుకుని కూర్చున్నాడు. ఏడుస్తున్నాడనుకుని భుజం మీద చెయ్యి వేసింది.

“పదకొండు రోజులే కదా బతికింది?” అన్నాడు.

ఆ సాయంత్రం పదకొండు తగిలింది.

మటన్ తెచ్చాడు. ఆమెకు వెండి పట్టీలు తెచ్చాడు. అత్త రావమ్మ ఎముక చీకుతూ, “చచ్చినా తండ్రిని మర్చిపోలేదు పిచ్చిముండ,” అని కళ్లొత్తుకుంది. కనకలక్ష్మి అందరికీ వడ్డించింది. ఆ ఒక్క రోజును ఆ తల్లీకొడుకులు ఈనాటికీ తలుచుకుంటారు. తర్వాత పోయిన రోజులు వాళ్లకు గుర్తులేవు. పట్టీలు పోయిన సంగతి కూడా గుర్తులేదు. పిల్ల మరో రెండుసార్లు కలలోకి వచ్చింది. ఏ అంకె పట్టుకొచ్చిందోనని కనకలక్ష్మి నిద్రలోనే బెదిరిపోయి ముఖం తిప్పుకుంది. ఆ తర్వాత అది రావడం మానేసింది.

అప్పటినుంచి కలలు అల్లి చెబుతోంది. బస్సులు, గేదెలు, పెళ్లిళ్లు. ఎవరూ చావని కలలు.

“దీనికి కలలు ఎండిపోయాయిరా,” అని పోయిన వారం రావమ్మ తేల్చేసింది. “పసిదాన్ని అడుగు. మచ్చలేని నోరు.”

కీర్తనకు తొమ్మిదేళ్లు. నాన్న తన మంచం మీద కూర్చుని, తల నిమిరి, తను చెప్పింది చివరిదాకా వినడం దానికదే మొదలు. నాలుగు రోజులు మురిసిపోయింది. అయిదో రోజు అతని గొంతు మారింది.

“గేదెలు రెండా, మూడా? నిన్న నీవల్లే పోయింది.”

“మూడేమో నాన్నా.”

“ఏమో ఏంటి?”

“మూడే.”

దోసె తిరగేయబోయిన కనకలక్ష్మి చెయ్యి ఆగిపోయింది. దోసె మాడింది. ఆ గేదెలు పిల్లవి కావు. తనవి. వంటింటి గుమ్మంలో పళ్లు తోముకుంటూ ఇన్నేళ్లూ విన్న అమ్మ అబద్ధాలనే ఆ పిల్ల అప్పజెబుతోంది. మాటలు తనవే. గొంతులో వణుకూ తనదే.

మర్నాడు పొద్దున పొయ్యి వెలిగించలేదు. వెళ్లి కూతురి మంచం మీద కూర్చుంది. కీర్తన కళ్లు తెరిచింది. ముఖమంతా వెలుగు.

“అమ్మా, ఇవాళ నిజంగా వచ్చింది. ఒక అక్క నన్ను...”

కనకలక్ష్మి దాని నోటి మీద అరచెయ్యి పెట్టింది. ఆ చెయ్యి పెట్టడానికి ఆమెకెంత బలం కావలసి వచ్చిందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

“ఎవరికీ చెప్పకు. నాక్కూడా.”

“ఎందుకు?”

“అది నీది.”

రామకోటేశ్వరరావు ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. “ఏమొచ్చింది బంగారం?”

కనకలక్ష్మి లేచి పిల్లకు అడ్డంగా నిలబడింది. “ఈ ఇంట్లో ఇక ఎవరికీ ఏమీ రాదు. కావాలంటే మీ కల మీరు కనండి.”

“మొగుడితో మాట్లాడే తీరు అదేనా?” అంది హాల్లోంచి రావమ్మ. అతను కాసేపు కనకలక్ష్మి భుజం మీదుగా పిల్ల ముఖంలోకి తొంగి చూశాడు. “దానికేదో వచ్చింది. నాకు తెలుస్తోంది,” అన్నాడు. ఆమె కదల్లేదు. చివరికి చొక్కా తగిలించుకుని, టిఫిన్ లేకుండా బండి తీశాడు.

కీర్తనకు స్కూలుకి రెండు జడలు వేసింది. వేస్తున్నంతసేపూ ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. ఆ అక్క ఎంత ఎత్తుంది, ఎవరి పోలిక, నవ్విందా, నా గురించి ఏమైనా అడిగిందా.

రిబ్బను ముడి బిగించింది. అడగలేదు.