సముద్రానికి అడ్డొచ్చిన టోపీ

ఎడారి మధ్య గనుల ఊరు కాల్గూర్లీలో బంగారం పుష్కలం, వాన పుష్కరానికొకసారి. అలాంటి ఊరికి మెల్బోర్న్ నాటక కంపెనీ ఒకటి సముద్రాన్ని పెట్టెల్లో సర్ది రైల్లో తెచ్చింది. రంగస్థలం మీద ఓడ మునుగుతుందని, అలలు నిజంగా లేస్తాయని గోడగోడకీ కాగితాలంటించారు.

ఆ కాగితం చూసినప్పటి నుంచి లావీనియా పెన్‌రోజ్‌కి కాలు నిలవలేదు. సముద్రాలకవతల కార్న్‌వాల్ రేవులో పుట్టిన మనిషి. గనిలో పనిచేసే మొగుడు జోవెల్ వెంట ఈ ఎర్రమట్టిలోకి వచ్చాక ఆమె ఎరిగిన ఉప్పునీళ్లల్లా కన్నీళ్లే. ఈ నాటకం తప్పితే మళ్లీ సముద్రాన్ని చూస్తానన్న ఆశ ఆమెకు లేదు.

చిక్కల్లా తలతో వచ్చింది. వేసవిలో ఊరిని ఊపేసిన టైఫాయిడ్ ఆమెకీ తగిలినప్పుడు జ్వరం తలకెక్కుతుందని డాక్టరు జుట్టు మొదలంటా తీయించాడు. ప్రాణం నిలిచింది, జుట్టు నిలవలేదు. ఇప్పుడు కోత కోసిన చేనులా వేలెడేసి మోళ్లు. జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుందంటారు. లేనమ్మ ఏం పెడుతుంది? టోపీ పెడుతుంది. కొత్తగా గనులకొచ్చినవాళ్లు తల దాచుకోవడానికి డేరా వెతుక్కుంటే, లావీనియా తల దాచుకోవడానికి టోపీ వెతుక్కుంది.

దొరికింది కూడా చిన్నది కాదు. గని మేనేజరు భార్య మిసెస్ లాసెల్స్ చలికాలం మొదట్లో బండిచక్రమంత టోపీతో చర్చికి వచ్చేసరికి, కొద్ది వారాల్లో ఊరంతా చక్రాలు తిరిగాయి. రెక్కాడితే గాని డొక్కాడని ఊళ్లో, డొక్కాడకపోయినా టోపీ మీద రెక్క ఆడాల్సిందే. లావీనియా టోపీ మీద నిప్పుకోడి ఈకలు గుత్తిగా లేచి నిలబడ్డాయి.

రాత్రి ఆటకి వెళ్లే ఆడవాళ్లు మోచేతుల దాకా తొడుగులు వేసుకుని, జుట్టు ఎత్తి ముడుచుకుని, టోపీ లేకుండా వెళ్లాలి. మాట్నీకి టోపీ లేకుండా వెళ్తే వింతగా చూస్తారు. అందుకే ఆమె మాట్నీయే కోరుకుంది.

“లావీ, దీని కింద మనం కాపురం పెట్టొచ్చే. ఇంటద్దె మిగులుద్ది,” అన్నాడు జోవెల్ దారిలో.

“నా టోపీ సంగతి నీకెందుకు? నీ కాలరు చూసుకో. ముంత మూతికి గుడ్డ చుట్టినట్టుంది.”

లోపల అడుగు పెట్టగానే ఆమె తలెత్తి చూసింది. విద్యుద్దీపాలు గుత్తులుగుత్తులుగా వెలుగుతున్నాయి. ఎర్రటి మఖమలు తెర మీద బంగారు కుచ్చులు. పై అంతస్తులో గనివాళ్లు వేరుశనగకాయలు ఒలుస్తూ కూడా గుసగుసగానే మాట్లాడుకుంటున్నారు. ఈ మనుషులేనా రోజూ దుమ్ములో నడిచేది అనిపించింది. మెరుగు పెట్టిన అందరి బూట్లలోనూ దీపాల నీడలు మెరుస్తున్నాయి.

అంతలో కంపెనీ పెద్ద తెర ముందుకొచ్చి, వెనకవాళ్లకి అడ్డు రాకుండా అమ్మగార్లు దయచేసి టోపీలు తీయాలని, మెల్బోర్న్‌లో మాట్నీకి కూడా ఇప్పుడిదే పద్ధతని వంగి విన్నవించుకున్నాడు. నలుగురైదుగురు పడుచులు తీశారు. మిగతా చక్రాలు కదల్లేదు. లావీనియా చేతులు ఒళ్లో రాళ్లయిపోయాయి. తీయకపోతే బయటికి పంపేస్తారేమోనని ఒక భయం. తీస్తే తనే లేచి పారిపోవాల్సి వస్తుందని ఇంకో భయం. జోవెల్ ఆమె మోచేయి పట్టుకున్నాడు.

తెర లేచింది. మొదటి అంకమంతా మాటలు. రెండో అంకంలో దీపాలు మలిగి, చీకట్లోంచి సముద్రం లేచింది.

గుడ్డ అని ఆమెకు తెలుసు. కింద మనుషులు ఊపుతున్నారనీ, ఆ హోరు డోలులో దొర్లే ఎండు బఠానీలదనీ తెలుసు. తెలిసినా ఆమె ముందుకు వంగింది. నల్లటి అల వంగి, నురగ చిమ్మి, ఓడ పక్కను గుద్దింది. తండ్రి వలల వాసన ఆమె ముక్కుకి తగిలింది.

అప్పుడు వెనక నుంచి గొంతు వినిపించింది. గనిలో రాళ్ల ట్రాలీలు తోసే ముసలి టాంబ్లిన్‌ది. ఒకప్పుడు ఆమె ఊరి పక్క రేవులోనే చేపలు పట్టినవాడు. దగ్గు ఆపుకుంటూ పక్కవాణ్ణి అడుగుతున్నాడు.

“వచ్చిందా సముద్రం? చప్పుడు ఇనపడతంది.”

“వచ్చింది తాతా.”

“ఎట్టా ఉందయ్యా? నాకు ఈకలు తప్ప ఏం కనపట్లేదు.”

ఫిర్యాదేమీ లేదు. అడిగాడంతే.

లావీనియా టోపీని పట్టి ఉంచిన పొడవాటి సూదులు ఒక్కొక్కటే లాగింది. టోపీ ఒళ్లోకి దిగింది. నెత్తికి చల్లగాలి తగిలింది. పైనెవరో ఇంత బారున ఊపిరి పీల్చారు. ఆమె తల దించలేదు. దించితే అల తప్పిపోతుంది.

పక్కన గొప్పవాళ్లు కూర్చునే బాక్సులో మిసెస్ లాసెల్స్ ఇటే చూస్తోంది. ఆమె వెనక గోడ తప్ప మనిషి లేడు. తీయాల్సిన పనే లేదు. అయినా ఆ చేతులు మెల్లగా పైకి వెళ్లాయి. చక్రం దిగింది. కింద అవే మోళ్లు, కాస్త నెరిసినవి. ఇన్నాళ్లూ ఫ్యాషన్ అనుకుని ఊరంతా కాపీ కొట్టింది ఆమె జ్వరాన్ని.

ఇక అక్కడొకటి, ఇక్కడొకటి. చీకట్లో సూదులు మెరిశాయి. గడ్డి మొలిచినట్టు పొట్టి జుట్టు తలలు వరసల్లో బయటపడ్డాయి. కొన్ని చక్రాలు కదలకుండానే ఉన్నాయి. ఎవరి భయం వాళ్లది. ఎవరూ నవ్వలేదు.

“ఓరి నాయనో,” అన్నాడు టాంబ్లిన్ వెనక. మెడ చాచి ఈ చివర నుంచి ఆ చివరికి చూశాడు. తర్వాత, “అల ముందుకొస్తంది గానీ ఎనక్కి పోవట్లేదే. మన కాడైతే పోయి మళ్లీ వచ్చేది.”

“పోద్దిలే మామా,” అంది లావీనియా, అలల మీంచి చూపు తిప్పకుండా. “ఇప్పుడేగా వచ్చింది.”