నీలకంఠం చూసిపెట్టిన కారు

కారు కొనేటప్పుడు బావని వెంటబెట్టుకుని వెళ్ళాలన్నది అర్జునరావు షరతు. బావంటే అతని అక్క రామలక్ష్మమ్మ మొగుడు, నీలకంఠం. భర్త మాట కాదనలేక జ్యోతిర్మయి పళ్ళు బిగబట్టి సరేనంది.

ఆమె ఎలమంచిలిలో ఒక ఆసుపత్రిలో డయాలసిస్ టెక్నీషియన్. గాజువాక నుంచి రోజూ బస్సులో నిలబడి వెళ్ళి నిలబడి రావడంతో నడుము పడిపోతోంది. కొత్త కారు కొనే తాహతు లేదు. పాతదైనా, ఎంత తిరిగినదైనా, సరిగా చూసుకున్న బండి దొరికితే చాలనుకుంది. వాళ్ళ నాన్న సింహాద్రి జీవితమంతా టాక్సీ నడిపినవాడు. బండిని కళ్ళతో కాదు, చేత్తోనూ ముక్కుతోనూ చూడాలని కూతురికి నేర్పాడు. నీలకంఠానికి ఎవరూ ఏమీ నేర్పలేదు. నేర్పబోయినా ఆయన నోరు అవతలివాళ్ళకు సందిచ్చేది కాదు. చుట్టాల్లో ఎవరేం కొన్నా ఆయన పక్కన నిలబడి తలాడించాలి. ఫ్రిజ్జయినా సరే, స్థలమైనా సరే.

వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందు చివర భీమశంకరరావు పాత కార్లు అమ్ముతాడు. తెల్ల కారొకటి తళతళలాడుతూ ఉంది. టైర్లకు నల్లరంగు, లోపల మల్లెపూల సెంటు.

"ఒక్క లేడీ డాక్టరుగారు వాడిన బండి సార్. ఇల్లు, ఆసుపత్రి, అంతే. మీటరు సూడండి, నలభై వేలు దాటలేదు," అన్నాడు భీమశంకరరావు, నీలకంఠం వైపు తిరిగి. డబ్బిచ్చేది జ్యోతిర్మయి అని అతనికి తట్టనేలేదు.

ఈ ఊళ్ళో అమ్మకానికి వచ్చిన ప్రతి పాత కారునూ ఒక లేడీ డాక్టరే నడిపి ఉండాలి, పాపం ఆవిడకి రోగుల్ని చూసే తీరికెక్కడ దొరికిందో అనుకుంది జ్యోతిర్మయి.

బానెట్ మీద చెయ్యి పెట్టింది. చుర్రుమంది.

"పొద్దున్నే దీన్ని ఎక్కడికి తిప్పారు?"

"తిప్పలేదు మేడమ్. మీరొత్తన్నారని కాస్త స్టార్టు సేసి ఉంచాను."

చల్లటి ఇంజను తొలిసారి ఎలా అందుకుంటుందో, ఎంత పొగ వదులుతుందో కొనేవాళ్ళు చూడకూడదన్నమాట. ఆమె తలుపు తీసి కిందికి వంగింది. బ్రేకు పెడలు రబ్బరు అరిగి ఇనుము కనిపిస్తోంది. నలభై వేల కిలోమీటర్లకే అంత అరిగిందంటే ఆ లేడీ డాక్టరు బ్రేకు మీద నాట్యం చేసి ఉండాలి. కాళ్ళ కింది పట్టా ఎత్తేసరికి సెంటు ఓడిపోయి తడివాసన గుప్పుమంది. సముద్రపు గాలికి రేకు పొరలు పొరలుగా తుప్పు పట్టి ఉంది. చివరికి ఇంజను ఆయిలు మూత విప్పి చూసింది. లోపలివైపు తెల్లటి జిడ్డు మీగడలా పేరుకుని ఉంది.

"ఆయిల్లోకి నీళ్ళు దిగుతున్నాయి. ఎత్తెక్కితే ఇంజను ఉడికిపోతుంది," అంది.

నీలకంఠం పెద్దగా నవ్వాడు. "ఏటమ్మాయ్, కారు కొంతన్నావా, పెళ్ళికొడుకుని సూత్తన్నావా?"

పెళ్ళికొడుకుని ఇలాగే మూత విప్పి చూసుంటే మా వదిన బతుకు మరోలా ఉండేది, అనుకుంది జ్యోతిర్మయి. పైకి మాత్రం, "ఇది వద్దన్నయ్యా," అని సందు బయటికి నడిచింది.

తర్వాత వారం ఆమెకు కావలసిన బండి దొరికింది. యజమాని వెంకటరమణమ్మ, రిటైరైన లెక్చరరు. మీటరు లక్షా ఎనభై వేలు. "దాచడానికేటీ లేదమ్మా. ఏసీ అంతంతమాత్రం. ఎడం తలుపు ఓసారి ఆటోకి గుద్దుకుంది. క్లచ్చి కొత్తది ఏయించాను," అని ఆవిడే చెప్పింది. ఇంజను చల్లగా ఉండగా జ్యోతిర్మయి తనే స్టార్టు చేసింది. హైవే మీద వేగంగా, సందుల్లో నెమ్మదిగా నడిపి చూసింది. తనకు తెలిసిన మెకానిక్కు చేత బండిని పైకెత్తించి అడుగుభాగం చూపించింది. బ్యాంకు అప్పు తీరిందో లేదో, చలానాలు మిగిలాయేమో విచారించాకే సరేనంది.

నీలకంఠం ఆ మీటరు చూసి గుండెలు బాదుకున్నాడు. "ఓలమ్మో, లచ్చా ఎనభై వేలా! ఇది బండేటి బావా? పింఛనీ ఇచ్చి మూల కూకోబెట్టాల్సిన ముసల్ది!" అన్నాడు అర్జునరావుతో. అంతటితో ఆగినా బాగుండేది. తన మాటే నెగ్గాలని వన్ టౌన్ వెళ్ళి ఆ తెల్ల కారును తనే కొనేశాడు. తెచ్చి జ్యోతిర్మయి ఇంటి ముందాపి, వీధంతా వినబడేలా హారన్ కొట్టాడు.

"సూసావా, వెన్న మీద జారినట్టు జారతాది," అన్నాడు.

"చూశానన్నయ్యా," అంది జ్యోతిర్మయి. చూసిందంతా చెప్పినా ఆయన చెవికి ఎక్కదని ఆమెకు తెలుసు. అయినా ఉండబట్టలేక, "కొండలూ గుట్టలూ ఎక్కించే ముందు మెకానిక్కుకి చూపించండి," అంది. ఆయన చెయ్యి విదిలించాడు.

తెల్ల కారుకి పూజ చేయించాలని ఆ శనివారమే రెండు కుటుంబాలూ సింహాచలం బయల్దేరాయి. కొండ మొదట్లో నీలకంఠం హారన్ మోగిస్తూ వీళ్ళని దాటిపోయాడు. నాలుగు మలుపులు తిరిగేసరికి తెల్ల కారు రోడ్డు పక్కన ఆగి ఉంది. బానెట్ నుంచి ఆవిరి బుసలు కొడుతోంది. రామలక్ష్మమ్మ కొబ్బరికాయల సంచి పట్టుకుని ఎండలో నిలబడి ఉంది. నీలకంఠం భీమశంకరరావుకి ఫోను మీద ఫోను చేస్తున్నాడు. అటువైపు ఎవరూ ఎత్తడం లేదు. దారినపోయే యాత్రికులు ఆవిరిని చూసి ఓ నవ్వు నవ్వి పోతున్నారు.

"సెంటు వాసన బాగానే వస్తోందన్నయ్యా," అంది జ్యోతిర్మయి.

అర్జునరావు నవ్వు దాచుకోవడానికి దగ్గాడు. రామలక్ష్మమ్మ మాత్రం దాచుకోలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది.

వాళ్ళిద్దరినీ ఎక్కించుకుని ముసల్ది కొండెక్కింది. మలుపుల్లో కాస్త మూలిగింది కానీ ఎక్కడా ఆగలేదు. దర్శనమయ్యింది. పూజకు తెచ్చిన నిమ్మకాయలు సంచిలోనే ఉండిపోయాయి. కిందికి దిగేటప్పుడు, మెకానిక్కు బండి తాడు కట్టి లాక్కెళ్తున్న తెల్ల కారు వీళ్ళ ముందే కనిపించింది. వెనక సీట్లో నీలకంఠం కాసేపు కిటికీలోంచి చెట్లు చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, దిగుడే కదా. న్యూట్రల్లో ఏసెయ్. పెట్రోలు మిగుల్తాది."

దిగుడులో బండి అదుపు తప్పకుండా జ్యోతిర్మయి రెండో గేరు వేసింది.

"నోరు మూసుకుని కూకోండి," అంది రామలక్ష్మమ్మ, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి. తర్వాత ముందుకు వంగి మరదలి భుజం తట్టింది. "జ్యోతీ, నాకూ కారు నడపడం నేర్పుతావేటి?"

"ఆదివారం రండి వదినా," అంది జ్యోతిర్మయి. "గాజువాక గ్రౌండులో మొదలెడదాం."

నీలకంఠం ఏదో అనబోయాడు. ఈసారి ఎవరూ ఆయన వైపు తిరగలేదు.