అప్పజెప్పించే లాయరు

మా లాయరు రైలు టికెట్లు కొని, తోటక్కని రాజధానికి తీసుకుపోయి, అక్కడేదో ఆశ్రమంలో దిగబెట్టి వచ్చేస్తాడట, వచ్చే ఎన్నికల్లో ఆవిడ నోరు లేవకుండా. దర్జీ భార్య ఈ మాట పాలవాడితో అందట. పాలవాడు మా పిన్నితో అన్నాడు. మా పిన్ని నాతో అనేసరికి ఆశ్రమానికి ప్రహరీ, ఆ ప్రహరీకి ఇనుప గేటూ వచ్చి చేరాయి. చివర్లో "నేనన్నానని అనకు" అంది. ఆ ముక్క మాత్రం ముగ్గురూ పొల్లుపోకుండా చెప్పుకొచ్చారు.

ఇందులో రైలు టికెట్లు నిజం. మిగతాదంతా నోటి దురద.

లాయరిప్పుడు పెద్దసభలో మెంబరు, దేశానికి చట్టాలు చేసే చోట. అయినా మా ఊళ్ళో ఎవరి నోటా మెంబరుగారన్న మాట రాదు. రైతు బిడ్డ. నల్లకోటు మడిచి సైకిల్ వెనక కట్టుకుని చిన్న కోర్టుకి పోయేవాడు, చెమటకి పాడవుతుందని గేటు దాటాకే తొడుక్కునేవాడు. కోర్టు వరండాలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక టైపు మిషను. మిషను వెనక టైపిస్టు, ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. మెట్లెక్కే తీరు చూసి, ఇది గట్టు తగువా మొగుడూ పెళ్ళాల తగువా చెప్పేసేవాడు.

తోటక్క ఆ మెట్లెక్కింది భర్త పోయిన ఏడాదే. మరిదితో వాటాల తగువు. తోటంటే పెద్దదేం కాదు, వంగ, బెండ, రెండు వరసల టమాటా. నీళ్ళు మాత్రం బావివి. వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి రాజీకి వచ్చారు. నాలుగు పేజీల కాగితం. లాయరుది మంచి గొంతు, కామా దగ్గర ఆగి, చుక్క దగ్గర ఊపిరి తీసుకుని మొత్తం చదివి వినిపించాడు.

"అర్థమైందా అక్కా?"

తోటక్క గంగిరెద్దులా తలూపింది. వేలిముద్ర వేసింది.

ఆరో అంశంలో ఉంది విషయం. ఇల్లూ తోటా ఆవిడకి, బావి మరిదికి. ఇల్లు దక్కుతుంది కదా, ఒప్పుకుందనుకున్నాడు లాయరు. తోట అంటే బావితో కలిపే అనుకుంది ఆవిడ. బావి లేని దాన్ని కూడా తోట అంటారని ఆవిడకెలా తెలుస్తుంది?

మూడు నెలలకి వరండాలోకి వచ్చి అడిగింది.

"లాయరు బాబూ, మనం గెలిచాం కదా. మరి మోటారు గదికి తాళం ఎవరు వేశారు?"

టైపు మిషను ఆగిపోయింది. లాయరు కాగితం తీసి ఆరో అంశం చూశాడు, ఆవిడ మొహం చూశాడు. పై కోర్టుకి వెళ్ళాడు. ఏళ్ళ తరబడి నడిచింది. వేలిముద్ర ఆవిడదే, చదివి వినిపించానని సంతకం మీదే, ఇంకేం కావాలి అంది కోర్టు. తోట ఎండింది. తోటక్క ఊళ్ళోవాళ్ళ తోటల్లో కలుపు తీయడానికి పోయింది. పేరు మాత్రం తోటక్కే.

చేతులు కాలాకే ఆకులు పట్టుకున్నాడు లాయరు, పట్టుకున్నది మాత్రం మళ్ళీ వదల్లేదు. ఆ తర్వాత ఎవరొచ్చినా కాగితం చదివి, "ఇప్పుడు నువ్వు చెప్పు, ఇందులో ఏముందో" అనేవాడు. తప్పు చెబితే మళ్ళీ మొదటికి. ఒక కమ్మరి విసుక్కున్నాడు కూడా. "అదంతా నేను చెప్పగలిగితే నువ్వెందుకయ్యా, కోటు నేనే వేసుకుందును." తోటి లాయర్లు అప్పజెప్పించే లాయరని పేరు పెట్టి, పలకా బలపం కూడా కొనుక్కోమన్నారు. వాళ్ళు నవ్వుతూనే ఉన్నారు, వాళ్ళ కక్షిదారులు ఒక్కొక్కరే ఈ బల్ల దగ్గరికి జరిగారు. ఆ జనమే అతన్ని ముందు ఊరి కౌన్సిల్‌కి పంపారు. పెద్దసభకి నిలబడితే మొదటిసారి ఓడాడు, రెండోసారి గట్టెక్కాడు.

అక్కడ చివరి వరసలో సీటు. మూడేళ్ళలో రోడ్ల గురించి రెండు ప్రశ్నలడిగాడు, అంతే. మెంబర్లు సొంతంగా తెచ్చే బిల్లులకి చీటీలు తీస్తారు. నాలుగో ఏట అతని చీటీ వచ్చింది.

అతని బిల్లు ఒకటే పేజీ. కోర్టు కాగితం మీద సంతకమైనా వేలిముద్రైనా చెల్లాలంటే, అందులో ఏముందో ఆ మనిషి సొంత మాటల్లో తిరిగి చెప్పాలి, ఆ మాటలు కింద రాయాలి. ముసాయిదా ఆఫీసువాళ్ళు దాన్ని ఆరు పేజీలు చేసి పంపారు. లాయరు దాన్ని భార్యకి చదివి, తిరిగి చెప్పమన్నాడు.

"కోర్టుకి పోయినవాళ్ళని ఆర్నెల్లు లోపలేస్తారు" అందావిడ.

"ఎక్కడుందే అలా?"

"ఎక్కడుందో నాకేం తెలుసండీ? విన్నాక నాకలా అనిపించింది."

నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగి పేజీన్నర దగ్గర ఆగింది. కమిటీ ముందుకి వెళ్ళింది. కమిటీ సరేనంటేనే సభకి పోతుంది, లేదంటే బీరువాకి. ఇలాంటి ఇబ్బంది నిజంగా జరిగిందని చూపించండి అని కబురొచ్చింది.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది సార్" అన్నాడు టైపిస్టు. "ఏడాదిలో ఎన్నికలు. పేరు లేకుండా ఎవరిదో ఒకటి చెప్పేయండి."

"ఎవరిదో చెబితే ఎవరో చేసిన తప్పవుతుంది" అన్నాడు లాయరు.

తోటక్క గుమ్మంలో కూర్చుని ఉల్లికట్టలు కడుతోంది.

"ఈ గుమ్మం ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందా?"

లాయరు మెట్టు మీద కూర్చున్నాడు. సంగతి చెప్పి, నీ కథ అక్కడ చెప్పొచ్చా అక్కా అని అడిగాడు.

"అడిగి చెబుతానంటున్నావు, బాగానే ఉంది. ఏమని చెబుతావో ముందు నాకు చెప్పు."

లాయరు గొంతు సవరించుకున్నాడు. "కక్షిదారు నిరక్షరాస్యురాలు అయినందువల్ల..."

"ఆగు. ఎవరావిడ?"

"నువ్వే."

"చదువు రాక పోయిందా నా బావి?"

"కాదు. నువ్వు తలూపావు, అర్థమైందనుకున్నాను. మధ్యాహ్నం ఇంకో వాయిదా ఉంది. తొందరలో ఉన్నాను."

"ఊఁ. నేను తలెందుకు ఊపానో తెలుసా?"

"తెలీదక్కా."

"అంత బాగా చదివావు. అర్థం కాలేదంటే అందరి ముందూ నీకు చిన్నతనమవుతుందని ఊపాను." ముడి బిగించి కట్ట పక్కన పెట్టింది. "నువ్వు చెబితే సగమే చెబుతావు. నేనే వస్తా. కిటికీ పక్క సీటు తీయించు."

అలా కొన్న టికెట్లవి.

కమిటీ గదిలో పొడుగాటి బల్ల, పదిహేనుమంది మెంబర్లు, మనిషికో మైకు, మనిషికో నీళ్ళ సీసా. లాయరు ముందుగా లేచి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. తొందరలో ఉన్నానన్న మాట కూడా మింగలేదు.

అవతలి పక్షం మెంబరు నవ్వాడు. "తప్పు మీది. దానికి దేశమంతటికీ చట్టమెందుకు?"

"నేను చెడ్డ లాయర్నని మా జిల్లాలో ఎవరూ అనరు. అలాంటివాడి చేతిలోనే ఇలా అయింది. మీ జిల్లాలో ఎన్ని జరిగాయో మీరు అడిగి చూడండి."

ఆ మెంబరు నవ్వు ఆగింది. పక్కనున్న ఆడ మెంబరు బిల్లు కాగితాన్ని దగ్గరికి లాక్కుని మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. టైపిస్టు గోడ పక్క కుర్చీలోంచి అది చూసి, లాయరుకి కనుబొమ్మ ఎగరేశాడు.

అప్పుడు న్యాయశాఖ అధికారి లేచాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచలేదు. ఉద్దేశం గొప్పదే అన్నాడు. కానీ ఒక్కో కాగితానికి పది నిమిషాలు పడుతుంది, కాగితాలు లక్షల్లో ఉన్నాయి, కోర్టుల దగ్గర అంత సమయం లేదు, ఇది కుదిరే పని కాదు అన్నాడు. తలకాయలు ఒక్కొక్కటే ఊగాయి. అధ్యక్షుడు కలం మూత తీశాడు. సమయం లేదు అని ఆయన రాస్తే బిల్లు బీరువాకే.

తోటక్క మైకు వైపు చూసి, "ఇందులోనే మాట్లాడాలా?" అని టైపిస్టుని అడిగింది. అతను మీట నొక్కాడు. అధ్యక్షుడు చెప్పమ్మా అన్నాడు. ఆవిడ అధికారి వైపు తిరిగి, కోపం లేకుండా, దారి అడిగినట్టే అడిగింది. ఆ మాటకి అధ్యక్షుడి కలం కాగితానికి జానెడు పైన ఆగింది.

"ఆ కోర్టుల్లోనే నన్ను పదకొండేళ్ళు బెంచీ మీద కూర్చోబెట్టారు కదయ్యా. మరి అప్పుడు ఎక్కడిది సమయం?"